ఆ పట్టికలో ఇంకో నాలుగు పేర్లకు చోటివ్వండి: ఫిజియాలజీ పుస్తకాలు రాసేవారికి బహిరంగ లేఖ

ఫిజియాలజీ పాఠ్యపుస్తకాలు రాస్తున్న, సమీక్షిస్తున్న, సిలబస్ కమిటీల్లో కూర్చుంటున్న పెద్దలందరికీ,

నమస్కారం. మన ప్రమేయం లేకుండానే గుండె, పేగుల్లాంటి అవయవాలను నడిపే స్వయంచోదిత నాడీవ్యవస్థ అధ్యాయంలో మీరు అచ్చువేసే పట్టిక గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఒకవైపు ఒత్తిడికి శరీరాన్ని సిద్ధం చేసే సింపథటిక్ విభాగం, మరోవైపు విశ్రాంతి, జీర్ణం లాంటి పనులు చూసే పారాసింపథటిక్ విభాగం. కిందికి వరసగా కంటిపాప, గుండె, శ్వాసనాళాలు, పేగులు, మూత్రాశయం. నాడులు ఆ అవయవాలకు సందేశం అందించే రసాయనాలు, అంటే ట్రాన్స్‌మిటర్లు, అన్నింటికీ కలిపి రెండే: సింపథటిక్ వైపు నోరడ్రినలిన్, పారాసింపథటిక్ వైపు అసిటైల్‌కోలిన్. విద్యార్థులు దాన్ని బట్టీ పట్టి పరీక్ష రాస్తారు. తరవాత డాక్టర్లో నర్సులో ఫార్మసిస్టులో అవుతారు. చదివిన మిగతా వివరాలు చాలావరకు చెరిగిపోయినా ఆ పట్టిక మాత్రం తలలో నిలిచిపోతుంది. నేను ఈ పాఠం చెప్పే అధ్యాపకుణ్ణి కాబట్టి అది ఎంత గట్టిగా నిలిచిపోతుందో నాకు తెలుసు. నాకున్న భయం కూడా దాని గురించే.

పట్టికను తీసేయనక్కర్లేదు. ఏటీపీ, నైట్రిక్ ఆక్సైడ్, వీఐపీ, న్యూరోపెప్టైడ్ వై అనే మరో నాలుగింటికి అందులో చోటివ్వండి. చాలా పుస్తకాల్లో ఇవి ఎక్కడో అధ్యాయం చివర, చిన్న అక్షరాల్లో, 'ఇతర ట్రాన్స్‌మిటర్లు' అనే ఒక్క పేరాలో సర్దుకుని కనిపిస్తాయి. పరీక్షలో రాదని తెలిసిన పేరాను విద్యార్థి చదవడు. అంటే ఆ పేరా ఉన్నా లేనట్టే.

మొదటి రెండు రసాయనాల మీద నాకు గౌరవం తక్కువేమీ లేదు. 1921లో ఒట్టో లోవీ ఒక కప్ప గుండెకు వెళ్లే వేగస్ అనే పారాసింపథటిక్ నాడిని ప్రేరేపించి, ఆ గుండెలోని ద్రవాన్ని రెండో గుండెకు అందిస్తే అది కూడా నెమ్మదించింది. నాడులు రసాయనాలతో మాట్లాడతాయని దానితో తేలింది. ఆ పనికి లోవీకీ, అసిటైల్‌కోలిన్ మీద అంతకుముందు నుంచే కృషి చేస్తున్న హెన్రీ డేల్‌కూ 1936లో నోబెల్ వచ్చింది. సింపథటిక్ నాడుల రసాయనం నోరడ్రినలిన్ అని 1946లో ఉల్ఫ్ వాన్ ఆయిలర్ తేల్చారు. ఇదంతా నిజం, ఇదంతా చెప్పాలి. ఇబ్బందల్లా కథ 1946లోనే ముగిసిపోయినట్టు రాయడం దగ్గర వస్తోంది.

అసలు ఈ రెండు రసాయనాలతో లెక్క సరిపోదన్న సాక్ష్యం అవి నాడుల రసాయనాలని తేలకముందే ఉంది. 1872లో రుడాల్ఫ్ హైడెన్‌హైన్ చేసిన ప్రయోగం చూడండి. దవడ కింద ఉండే లాలాజల గ్రంథికి కోర్డా టింపని అనే నాడి వెళ్తుంది. దాన్ని ప్రేరేపిస్తే రెండు పనులు జరుగుతాయి. లాలాజలం ఊరుతుంది, గ్రంథిలోని రక్తనాళాలు వెడల్పై రక్తం ఎక్కువగా ప్రవహిస్తుంది. హైడెన్‌హైన్ అట్రోపిన్ ఇచ్చి మళ్లీ ప్రేరేపించారు. లాలాజలం ఆగిపోయింది, రక్తప్రవాహం మాత్రం మునుపటిలాగే పెరిగింది. అట్రోపిన్ ఆపేది అసిటైల్‌కోలిన్ పనిని. ఆ నాడి ఇచ్చేది అసిటైల్‌కోలిన్ ఒక్కటే అయితే రెండూ ఆగిపోవాలి కదా?

ఈ ప్రశ్న దాదాపు వందేళ్లు తెగలేదు. అట్రోపిన్ రక్తనాళాల దగ్గరికి సరిగా చేరడం లేదేమో అన్నారు. రక్తనాళాలను వెడల్పు చేసే బ్రాడీకైనిన్ అనే పదార్థాన్ని గ్రంథి తానే తయారు చేసుకుంటుందేమో అన్నారు. చివరికి దారి ఇంకో వైపు నుంచి దొరికింది. 1970లో సమీ సయీద్, విక్టర్ ముట్ కలిసి పంది చిన్నపేగు నుంచి 28 అమైనో ఆమ్లాల గొలుసును, అంటే ఒక పెప్టైడ్‌ను, వేరుచేశారు. అది రక్తనాళాలను బలంగా వ్యాకోచింపజేస్తుంది. దాని పేరు వాసోయాక్టివ్ ఇంటెస్టినల్ పెప్టైడ్, పొట్టిగా వీఐపీ. ముందు దాన్ని పేగుల హార్మోన్ అనుకున్నారు. కొన్నేళ్లకే అది నాడుల్లో కనిపించింది. లాలాజల గ్రంథికి వెళ్లే పారాసింపథటిక్ నాడీకణాల్లో అసిటైల్‌కోలిన్‌తో పాటు, అదే కణంలో, వీఐపీ కూడా ఉంటుందని 1980 ప్రాంతంలో లుండ్‌బర్గ్, హోక్‌ఫెల్ట్ బృందం పిల్లుల మీద పరిశోధనల్లో చూపించింది.

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే విద్యార్థికి చెప్పదగ్గ అసలు సూత్రం ఇక్కడుంది. నాడి చివరల్లో రెండు రకాల సంచులుంటాయి. చిన్న సంచుల్లో అసిటైల్‌కోలిన్ ఉంటుంది, పెద్ద సంచుల్లో వీఐపీ లాంటి పెప్టైడ్లుంటాయి. నాడీ ప్రేరణలు అడపాదడపా వస్తుంటే చిన్న సంచులే తెరుచుకుంటాయి, కొద్దిగా లాలాజలం ఊరుతుంది. ప్రేరణలు వేగంగా, గుంపులుగా వస్తే పెద్ద సంచులు కూడా తెరుచుకుంటాయి. అప్పుడు వీఐపీ విడుదలై రక్తనాళాలు బాగా విప్పారతాయి. ఎక్కువ లాలాజలం తయారవ్వాలంటే ఎక్కువ రక్తం కావాలి, ఆ ఏర్పాటు కూడా అదే నాడి చేస్తోంది. ఎంత వేగంగా ప్రేరణలు వస్తున్నాయన్న దాన్ని బట్టి ఒకే నాడి వేరువేరు రసాయనాలు పంపుతుందన్న సంగతి ఈ ఒక్క ఉదాహరణతో ఎవరికైనా అర్థమవుతుంది. హైడెన్‌హైన్ ప్రయోగాన్ని అధ్యాయం మొదట్లోనే పెట్టమని నా మనవి.

ఇక ఏటీపీ. ఇది జెఫ్రీ బర్న్‌స్టాక్ కథ. మీ పుస్తకాల్లో ఆయన పేరు లోవీ, డేల్‌ల పక్కన ఉండి తీరాలి. 1960ల మొదట్లో ఆయన మెల్‌బోర్న్‌లో గినీపందుల పెద్దపేగు మీద పట్టీలా పరుచుకుని ఉండే టీనియా కోలి అనే కండరం మీద పని చేస్తున్నారు. మందులతో అసిటైల్‌కోలిన్ పనినీ నోరడ్రినలిన్ పనినీ ఆపేసి, నాడుల్ని ప్రేరేపించారు. ఏమీ జరగకూడదు. కానీ ప్రతి ప్రేరణకూ కండర కణాల విద్యుత్ పొటెన్షియల్ ఇంకా రుణాత్మకంగా మారింది, కండరం సడలింది. పేగు గోడలోని నాడులే ఏదో మూడో రసాయనం వదులుతున్నాయన్న మాట. వరసగా ఒక్కో రసాయనాన్నీ పరీక్షించుకుంటూ వెళ్తే అన్ని ఆధారాలకూ నిలబడింది ఏటీపీ. 1970లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. 1971లో ఆయన ఇలాంటి నాడులకు ప్యూరినెర్జిక్ అని పేరు పెట్టారు.

శాస్త్రలోకం దీన్ని అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. ఏటీపీ కణానికి శక్తినిచ్చే ఇంధనం, అంత విలువైన దాన్ని కణం సందేశం కోసం బయటికి ఎందుకు పారబోస్తుంది అన్నారు. ప్రతి కణంలోనూ ఉండేదే కాబట్టి నాడి నుంచే వచ్చిందని ఎలా నమ్మాలి అన్నారు. అవి న్యాయమైన ప్రశ్నలే. 1990ల మొదట్లో కణాల మీద ఉండి ఏటీపీని గుర్తించే ప్రోటీన్ల, అంటే గ్రాహకాల, జన్యువులు దొరికాయి. పీ2వై రకం 1993లో, పీ2ఎక్స్ రకం 1994లో. దాంతో వాదన చాలావరకు ముగిసింది. 2020లో 91వ ఏట కన్నుమూసే సరికి బర్న్‌స్టాక్ మొదలుపెట్టిన రంగం మందుల తయారీ దాకా వచ్చేసింది. మన పట్టిక మాత్రం ఆయన ప్రయోగానికి ముందు ఎలా ఉందో ఇప్పటికీ అలాగే ఉంది.

ఈ ఆలస్యానికి ఒక కారణం డేల్ సూత్రం పేరుతో ప్రచారంలో ఉన్న మాట: ఒక నాడీకణం, ఒకే ట్రాన్స్‌మిటర్. డేల్ అలా అనలేదు. స్పర్శ, నొప్పి లాంటి కబుర్లు మోసే ఒక జ్ఞాననాడి ఒక కొస దగ్గర ఏ రసాయనం విడుదల చేస్తుందో తెలిస్తే రెండో కొస దగ్గర ఏది విడుదలవుతుందో ఊహించవచ్చని మాత్రమే ఆయన సూచన. దాన్ని సూత్రంగా మార్చింది జాన్ ఎకిల్స్ అనే నాడీ శాస్త్రవేత్త. తరవాత తరాలు దాన్ని ఇంకా బిగించాయి. ఒక నాడీకణం ఒకటి కన్నా ఎక్కువ ట్రాన్స్‌మిటర్లు వదలవచ్చా అని బర్న్‌స్టాక్ 1976లో నేరుగా అడిగారు. ఇప్పుడు చూస్తే స్వయంచోదిత వ్యవస్థలో ఒకే ట్రాన్స్‌మిటర్‌తో సరిపెట్టుకునే నాడీకణం దొరకడమే కష్టం. కాబట్టి 'ఒక కణం, ఒక రసాయనం' అన్న వాక్యం మీ పుస్తకంలో ఎక్కడున్నా దయచేసి కొట్టేయండి.

రక్తనాళాల చుట్టూ ఉన్న సింపథటిక్ నాడులను తీసుకోండి. అవి నోరడ్రినలిన్, ఏటీపీ, న్యూరోపెప్టైడ్ వై మూడింటినీ వదులుతాయి. ఏటీపీ ముందు పని చేస్తుంది, కండరం సెకను తిరక్కుండానే బిగుసుకోవడం మొదలవుతుంది. నోరడ్రినలిన్ నెమ్మదిగా వచ్చి ఆ బిగువును నిలబెడుతుంది. ప్రేరణలు తీవ్రంగా ఉన్నప్పుడు న్యూరోపెప్టైడ్ వై కూడా బయటికొచ్చి, అందరికన్నా ఎక్కువసేపు ఉంటుంది. తాను నాళాన్ని బిగించడమే కాక మిగతా రెండింటి బలాన్నీ పెంచుతుంది. మూడింటి పాళ్లు అన్నిచోట్లా ఒకటి కాదు, ఏ నాళం, ఏ జంతువు అన్నదాన్ని బట్టి మారతాయి. వీర్యవాహికలో ఏటీపీ వాటా ఎంత ముఖ్యమో ఎలుకల మీద 2000లో వచ్చిన పరిశోధన చూపించింది. పీ2ఎక్స్1 గ్రాహకం లేకుండా పుట్టించిన మగ ఎలుకల్లో సంతాన సామర్థ్యం సుమారు 90 శాతం పడిపోయింది. వీర్యకణాలు బాగానే ఉన్నాయి, వాటిని ముందుకు నెట్టే సంకోచమే బలహీనపడింది.

న్యూరోపెప్టైడ్ వైని 1982లో టటెమోటో, ముట్ బృందం పంది మెదడు నుంచి వేరుచేసింది. దాని మరో పని నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది. గుండెకు వెళ్లే సింపథటిక్ నాడిని కాసేపు గట్టిగా ప్రేరేపించి ఆపేయండి. ఆ తరవాత వేగస్ నాడిని ప్రేరేపిస్తే గుండె మామూలుగా నెమ్మదించినంత నెమ్మదించదు. ఈ ప్రభావం పదుల నిమిషాలు ఉంటుంది, నోరడ్రినలిన్ వెళ్లిపోయాక కూడా. సింపథటిక్ నాడి వదిలిన న్యూరోపెప్టైడ్ వై, వేగస్ చివరల నుంచి అసిటైల్‌కోలిన్ విడుదలను తగ్గిస్తుంది మరి. పెద్ద టెన్షన్ తరవాత గుండె వెంటనే ఎందుకు కుదుటపడదు అని విద్యార్థి అడిగితే రెండు రసాయనాల పట్టిక దగ్గర చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఈ పెప్టైడ్ తెలిస్తే జవాబులో కనీసం ఒక ముక్క దొరుకుతుంది.

నైట్రిక్ ఆక్సైడ్ విషయానికొస్తే, అది ట్రాన్స్‌మిటర్ గురించి మనం నేర్పే నిర్వచనాన్నే తిరగరాయమంటుంది. అది వాయువు. సంచుల్లో నిల్వ ఉండదు, అవసరమైనప్పుడు అప్పటికప్పుడు ఆర్జినిన్ నుంచి తయారవుతుంది. పొర మీద గ్రాహకం అక్కర్లేదు, నేరుగా పక్క కణంలోకి వెళ్లి గ్వానిలేట్ సైక్లేజ్ అనే ఎంజైమ్‌ను మేల్కొలుపుతుంది. దాంతో కణం లోపల సంకేతంగా పని చేసే సైక్లిక్ జీఎంపీ పెరుగుతుంది, కండరం సడలుతుంది. కొన్ని సెకన్లలోనే అది మాయమవుతుంది. రక్తనాళాల లోపలి పొరలో దీని పాత్రకు 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు నోబెల్ వచ్చింది కాబట్టి రక్తప్రసరణ అధ్యాయంలో దాన్ని రాస్తున్నారు. నాడులు కూడా దాన్ని వదులుతాయని 1990 నుంచే తెలుసు. ఆ సంగతి నాడీవ్యవస్థ అధ్యాయంలో ఎందుకు రాయరు?

దాని పర్యవసానాలు చిన్నవి కావు. అన్నవాహిక కింది కొసన ఉండే కండర కవాటం మింగినప్పుడు తెరుచుకోవాలి. దాన్ని సడలించేది ముఖ్యంగా నైట్రిక్ ఆక్సైడ్ వదిలే నాడులే. అవి నశించిపోతే కవాటం తెరుచుకోదు, మింగిన ముద్ద కిందికి దిగదు. ఆ జబ్బే అకలేసియా. రెండు రసాయనాల పట్టిక మాత్రమే చదివినవాళ్లకు ఈ జబ్బు అర్థమే కాదు, ఎందుకంటే ఆ పట్టికలో వేగస్ అంటే జీర్ణనాళాన్ని కదిలించేది, బిగించేది మాత్రమే. సడలించే వేగస్ దారి వాళ్లకు కనపడదు. పురుషాంగ స్తంభన కూడా ఇంతే. పారాసింపథటిక్ నాడులు వదిలే నైట్రిక్ ఆక్సైడే దాన్ని మొదలుపెడుతుంది. 1998లో అనుమతి పొందిన సిల్డెనాఫిల్ చేసేది సైక్లిక్ జీఎంపీ విరిగిపోకుండా ఆపడమే. అందుకే నాడి నుంచి నైట్రిక్ ఆక్సైడ్ రానప్పుడు ఆ మాత్ర పెద్దగా పని చేయదు. ప్రోస్టేట్ ఆపరేషన్‌లో ఆ నాడులు తెగిపోయిన మనిషికి మాత్ర ఎందుకు ఫలించలేదో చెప్పగలగాలంటే ఇదంతా డాక్టరుకు తెలిసి ఉండాలి.

ఈ ఉత్తరం రాయడానికి నన్ను అన్నింటికన్నా ఎక్కువ పురికొల్పింది మూత్రాశయం. గినీపంది మూత్రాశయానికి అట్రోపిన్ ఇచ్చాక కూడా నాడిని ప్రేరేపిస్తే గట్టిగానే సంకోచిస్తుంది. ఆ మిగిలిన సంకోచం ఏటీపీది. ఆరోగ్యంగా ఉన్న మనిషి మూత్రాశయంలో ఏటీపీ వాటా చాలా తక్కువ, పని దాదాపు అంతా అసిటైల్‌కోలిన్‌దే. పట్టిక ఇక్కడ సరిగ్గానే ఉన్నట్టనిపిస్తుంది. కానీ ప్రోస్టేట్ పెరిగి దారి మూసుకుపోతున్నప్పుడు, ఇంటర్‌స్టిషియల్ సిస్టైటిస్ అనే దీర్ఘకాలిక మూత్రాశయ నొప్పి జబ్బులో, వెన్నుపాము దెబ్బతిన్నప్పుడు ఏటీపీ వాటా పెరుగుతుంది. ఆరోగ్యవంతుడి పట్టిక రోగికి వర్తించదు. ఆపుకోలేని మూత్రంతో వచ్చిన మనిషికి అసిటైల్‌కోలిన్‌ను అడ్డుకునే మాత్రలిస్తాం. కొందరిలో అవి సరిగా పని చేయవు. వాళ్లు మాత్రలు సరిగా వేసుకోవడం లేదనో, ఇదంతా మనసులోనిదేననో అనుకునే ముందు, అక్కడ ఇంకో రసాయనం పని చేస్తూ ఉండవచ్చన్న ఆలోచన డాక్టరుకు రావాలి. ఆ ఆలోచన విద్యార్థి దశలో నాటకపోతే తరవాత దానంతటదే మొలకెత్తదు.

అలాంటివాళ్లలో కొందరికి మూత్రాశయ గోడలో బొటులినమ్ టాక్సిన్ ఇంజెక్షన్ ఉపశమనం ఇస్తుంది. ఆ టాక్సిన్ ఒక్క అసిటైల్‌కోలిన్‌ను ఎంచుకుని ఆపదు. సంచులు కణపొరతో కలిసే యంత్రాంగంలోని స్నాప్-25 ప్రోటీన్‌నే కోసేస్తుంది. సంచి తెరుచుకోకపోతే అందులో ఏ రసాయనం ఉన్నా బయటికి రాదు. మాత్ర ఒక్క గ్రాహకాన్ని మూస్తుంది, ఇంజెక్షన్ విడుదలనే ఆపుతుంది. ఈ తేడాను విడమరిచి చెప్పడానికి ఏటీపీ గురించి ముందే చెప్పి ఉండాలి.

ఏటీపీ లోపలికి వెళ్లే కబుర్లు కూడా మోస్తుంది. మూత్రాశయం నిండి సాగినప్పుడు లోపలి పొర ఏటీపీని వదులుతుంది, జ్ఞాననాడుల మీది పీ2ఎక్స్3 గ్రాహకాలు దాన్ని అందుకుంటాయి. శ్వాసమార్గంలోని వేగస్ జ్ఞాననాడుల మీద కూడా ఇవే ఉన్నాయి. వాటిని అడ్డుకునే గెఫాపిక్సాంట్ అనే మందును మొండి దగ్గు కోసం 2022లో జపాన్ అనుమతించింది. అది వేసుకున్న చాలామందికి రుచి మారిపోవడమో తగ్గడమో జరుగుతుంది. ఎందుకంటే నాలుక నుంచి రుచిని మోసే నాడులూ ఇదే గ్రాహక కుటుంబాన్ని వాడతాయి. ఔషధ శాస్త్రం పాఠంలో దుష్ప్రభావం అంటే ఏమిటో చెప్పడానికి ఇంత చక్కటి ఉదాహరణ అరుదు.

ఇన్ని పేర్లు పెడితే విద్యార్థులకు భారమవుతుందని మీరంటారు. ఆ బరువు గురించి నాకూ పట్టింపు ఉంది. అందుకే నాలుగే అడుగుతున్నాను. నాడుల్లో ఏదో ఒకటి కనిపించినంత మాత్రాన అది ట్రాన్స్‌మిటర్ అయిపోదు. అది అక్కడే తయారవ్వాలి, నాడిని ప్రేరేపిస్తే విడుదలవ్వాలి, బయటి నుంచి ఇస్తే అదే ఫలితం రావాలి, దాన్ని అడ్డుకునే మందు నాడి ప్రభావాన్ని కూడా అడ్డుకోవాలి, దాన్ని తొలగించే ఏర్పాటు ఉండాలి. నైట్రిక్ ఆక్సైడ్ లాంటిది సంచుల షరతును తప్పించుకున్నా మిగతా పరీక్షలకు నిలుస్తుంది. గాలనిన్, హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ మోనాక్సైడ్ లాంటివి పై తరగతులకు వదిలేయొచ్చు. అడ్రినల్ గ్రంథి మధ్యభాగానికి వెళ్లే నాడులు వదిలే పీఏసీఏపీ అనే పెప్టైడ్‌ను కూడా మొదటి ఏడాదికి వదిలేయొచ్చు. నాకైతే ఆ కథ చెప్పాలనే ఉంటుంది. ఆ పెప్టైడ్ లేని ఎలుకల్లో ఇన్సులిన్ వల్ల రక్తంలో చక్కెర పడిపోయినప్పుడు అడ్రినలిన్ విడుదల ఎక్కువసేపు కొనసాగలేదు. ఒత్తిడి మొదలైనప్పుడు అసిటైల్‌కోలిన్ పని చేస్తుంది, ఒత్తిడి కొనసాగుతుంటే పీఏసీఏపీ ఆ పనిని నిలబెడుతుంది.

నిజానికి భారం పెంచేది కారణం తెలియని మినహాయింపులే. 'ఈ అవయవంలో అట్రోపిన్ పూర్తిగా పని చేయదు' అని ఒక వాక్యం, 'ఈ నాడి పారాసింపథటిక్ అయినా సడలిస్తుంది' అని ఇంకో వాక్యం, ఇలా పుస్తకమంతా చెల్లాచెదురుగా ఉన్నవి విద్యార్థి విడివిడిగా గుర్తుపెట్టుకోవాల్సి వస్తోంది. ఒకే నాడి పలు రసాయనాలను, ప్రేరణల వేగాన్ని బట్టి, అవయవాన్ని బట్టి వేరువేరు పాళ్లలో వదులుతుందని మొదటే చెబితే అవన్నీ మినహాయింపులు కాకుండా పోతాయి.

పేగుల నాడీవ్యవస్థకు కూడా ఒక నిలువు వరస కేటాయించండి. దాన్ని మూడో విభాగంగా చూడాలని చెప్పింది జాన్ లాంగ్లీయే. స్వయంచోదిత నాడీవ్యవస్థకు ఇంగ్లిష్‌లో ఆ పేరు పెట్టినదీ ఆయనే. కోట్ల నాడీకణాలున్న ఆ వ్యవస్థను రెండు వరసల మధ్య ఇరికిస్తే అందులోని రసాయనాలు దేనికీ చెందకుండా పోతాయి. శరీరంలోని సెరొటోనిన్‌లో 90 శాతానికి పైగా పేగుల్లోనే ఉంటుంది. దాన్ని మానసిక ఆరోగ్యం పాఠంలో మాత్రమే విని వెళ్లే విద్యార్థులు ఎంతోమంది ఉన్నారు.

సిలబస్ కమిటీల్లో ఉన్నవారికి చివరిగా ఒక మాట. పుస్తకం మారడానికి కొత్త ముద్రణ రావాలి, దానికి ఏళ్లు పడుతుంది. ప్రశ్నపత్రం ఈ ఏడాదే మారవచ్చు. 'సింపథటిక్, పారాసింపథటిక్ ట్రాన్స్‌మిటర్ల పేర్లు రాయండి' అన్న రెండు మార్కుల ప్రశ్న స్థానంలో ఇది పెట్టి చూడండి: 'లాలాజల గ్రంథికి వెళ్లే పారాసింపథటిక్ నాడిని ప్రేరేపించారు. అట్రోపిన్ ఇచ్చాక లాలాజలం ఆగింది, రక్తప్రవాహం ఆగలేదు. కారణం రాయండి. ఇదే విషయాన్ని ఆధారం చేసుకుని, మూత్రాశయ రోగుల్లో కొందరికి అసిటైల్‌కోలిన్‌ను అడ్డుకునే మాత్రలు ఎందుకు చాలడం లేదో వివరించండి.' దీనికి నమూనా జవాబు, మార్కుల విభజన తయారుచేసి ఇవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక ఫిజియాలజీ అధ్యాపకుడు